ఏవీ1 కేస్ స్టడీ: పోటీ కంపెనీలు ఒకే కొలతకు ఒప్పుకున్న వైనం

హైదరాబాద్‌లో ఒక స్ట్రీమింగ్ సర్వీసుకు వీడియో ఎన్‌కోడింగ్ చూసే టీమ్‌లో నా ఉద్యోగం. సినిమా అయినా, సీరియల్ అయినా, లైవ్ న్యూస్ అయినా మా చేతికి వచ్చాక దాన్ని ఏయే ఫార్మాట్లలో, ఎంతెంత బిట్‌రేట్‌తో (సెకనుకు ఎన్ని బిట్ల డేటాతో) తయారు చేయాలో తేల్చేది మేమే. మేం వాడే ఫార్మాట్లలో, అంటే వీడియోను కుదించే పద్ధతుల్లో, ఏవీ1 ఒకటి. గూగుల్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్, మైక్రోసాఫ్ట్, ఇంటెల్, సిస్కో, మోజిల్లా కలిసి మొదలుపెట్టిన పని అది. మార్కెట్‌లో ఒకరి కస్టమర్‌ను ఇంకొకరు లాక్కోవాలని చూసే కంపెనీలు ఇంత పెద్ద పరిశోధనను మధ్యలో విడిపోకుండా ఎలా పూర్తి చేశాయి అన్నది నాకు చాలాకాలంగా ఆసక్తి ఉన్న విషయం. బయటికి వచ్చిన పేపర్లు, కోడ్ చరిత్ర, ఆ ఫార్మాట్‌తో మా టీమ్ అనుభవం, ఈ మూడూ కలిపి రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. వాళ్లను కలిపి ఉంచింది స్నేహం కాదు, అందరూ ఒప్పుకున్న ఒకే కొలత. ఆ కొలతలోకి రాని విషయాలేమో తర్వాత తలనొప్పులై తిరిగొచ్చాయి.

అసలు ఎందుకు కలిశారు

2003లో వచ్చిన హెచ్.264 అనే వీడియో ఫార్మాట్ ప్రపంచమంతా పాకింది. దాని తర్వాతి తరం హెచ్‌ఈవీసీ 2013లో సిద్ధమైంది. దాదాపు సగం బిట్లతో అదే క్వాలిటీ ఇవ్వడం దాని లక్ష్యం, టెక్నాలజీగా గట్టి పనే. చిక్కంతా పేటెంట్ల దగ్గర వచ్చింది. 2014లో ఎంపెగ్ ఎల్ఏ అనే సంస్థ కొందరు పేటెంట్ ఓనర్ల తరఫున రేటు ప్రకటించింది: ఒక్కో డివైస్‌కు 20 సెంట్లు, ఏడాదికి గరిష్ఠంగా 2.5 కోట్ల డాలర్లు. సరే, లెక్క వేసుకోవచ్చు. 2015లో హెచ్‌ఈవీసీ అడ్వాన్స్ పేరుతో ఇలాంటిదే రెండో పూల్ (పేటెంట్ ఓనర్లు కలిసి ఒకేచోట లైసెన్స్ ఇచ్చే గుంపు) వచ్చింది. ఆ జులైలో వాళ్లు ప్రకటించిన రేట్లలో డివైస్ ఫీజుతో పాటు కంటెంట్ ఆదాయంలో 0.5 శాతం కూడా అడిగారు. గొడవయ్యాక డిసెంబరులో పరిమితులు పెట్టి రేట్లు మార్చారు గానీ, అప్పటికే నమ్మకం పోయింది. 2016లో టెక్నికలర్ ఆ పూల్ నుంచి బయటికొచ్చి విడిగా లైసెన్స్ ఇస్తానంది. 2017లో వెలోస్ మీడియా పేరుతో మూడో పూల్ దిగింది. ఒకే రోడ్డు మీద మూడు టోల్ గేట్లు పెట్టి, నాలుగోది ఎక్కడ వస్తుందో, ఎంత అడుగుతుందో చెప్పకుండా లారీ బయల్దేరమన్నట్టు ఉండేది పరిస్థితి.

కంటెంట్ ఆదాయంలో శాతం అనగానే స్ట్రీమింగ్ కంపెనీలకు టెన్షన్ పట్టుకుంది. వాళ్ల ఖర్చు డివైస్‌తో ఆగిపోదు, చందా పెరిగిన కొద్దీ పెరుగుతుంది. మోజిల్లా ఇబ్బంది వేరే. ఫైర్‌ఫాక్స్‌ను ఎవరైనా ఉచితంగా దించుకుంటారు, ఇంకొకరికి ఇస్తారు. ఒక్కో కాపీకి ఫీజు కట్టే పద్ధతి అక్కడ నడవదు. 2013లో సిస్కో ముందుకొచ్చి, తాను తయారు చేసి ఇచ్చే హెచ్.264 ప్రోగ్రామ్‌కు అయ్యే లైసెన్స్ ఫీజు తానే కడతానని, ఫైర్‌ఫాక్స్ సహా ఎవరైనా దాన్ని వాడుకోవచ్చని చెప్పడంతో అప్పటికి గట్టెక్కారు. ప్రతి తరం ఫార్మాట్‌కూ అలా ఒకరు ముందుకొచ్చి బిల్లు కడతారని అనుకోలేం కదా.

ఫీజు లేని ఫార్మాట్ కోసం అప్పటికే మూడుచోట్ల విడివిడిగా పని నడుస్తోంది. గూగుల్ 2010లో ఆన్2 కంపెనీని కొని వీపీ8ని ఓపెన్ చేసింది. 2013లో వీపీ9 తెచ్చింది. ఆ తర్వాత వీపీ10 మీద పడింది. మోజిల్లా, ఉచిత మీడియా ఫార్మాట్లు తయారుచేసే జిఫ్ సంస్థ కలిసి డాలా అనే ప్రయోగాత్మక కోడెక్ (వీడియోను కుదించి, మళ్లీ విప్పే సాఫ్ట్‌వేర్) రాస్తున్నాయి. సిస్కో 2015 ఆగస్టులో థోర్ అనే తన కోడెక్‌ను ప్రకటించింది. దాన్ని డిజైన్ చేసేటప్పుడు ఇంజినీర్ల పక్కనే పేటెంట్ లాయర్లను కూర్చోబెట్టింది. గూగుల్ దగ్గర యూట్యూబ్ అంతటి స్కేల్, గట్టి కోడ్‌బేస్ ఉన్నాయి. కానీ ఒక్క కంపెనీ ఫార్మాట్ అనే ముద్ర ఉన్నంతకాలం మిగతావాళ్లు దూరంగానే ఉన్నారు. యాపిల్ వీపీ9ను ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. డాలాలో కొత్త ఆలోచనలు బోలెడు, వాటిని మార్కెట్‌లోకి తోసే బలం లేదు. థోర్ సింపుల్‌గా, శుభ్రంగా ఉంది, ఒంటరిగా నెగ్గేంత కంప్రెషన్ మాత్రం లేదు.

కలిస్తే పని అవుతుందనడానికి ఒక పాత ఉదాహరణ వాళ్ల కళ్లముందే ఉంది. జిఫ్ వాళ్ల సెల్ట్, స్కైప్ వాళ్ల సిల్క్ అనే రెండు ఆడియో కోడెక్‌లను కలిపి 2012లో ఓపస్‌ను ప్రమాణంగా తెచ్చారు. మాటకు సిల్క్ మేలు, సంగీతానికి సెల్ట్ మేలు. రెండింటినీ పక్కపక్కన పెట్టకుండా ఒక్క ఫార్మాట్‌గా కలిపేశారు. ఏవీ1లో మోజిల్లా వైపు నుంచి పనిచేసినవాళ్లలో ఓపస్ మనుషులు ఉన్నారు.

2015 సెప్టెంబరు 1న ఏడు కంపెనీలతో అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా ఏర్పాటైంది. మరుసటి ఏడాది ఏఎండీ, ఆర్మ్, ఎన్విడియా చేరాయి. 2017 చివర్లో ఫేస్‌బుక్, 2018 జనవరికి యాపిల్ వచ్చాయి.

ఇక్కడ ఎవరు ఎవరికి పోటీయో చూడండి. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ఒకే ప్రేక్షకుడి సాయంత్రం కోసం కొట్టుకుంటాయి. ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా ఒకే సాకెట్ కోసం. గూగుల్, మైక్రోసాఫ్ట్, మోజిల్లా బ్రౌజర్‌లో తలపడతాయి. అయితే వీళ్లలో ఎవరూ ఫార్మాట్‌ను అమ్ముకుని బతకడం లేదు. సినిమాలు, చిప్‌లు, యాడ్‌లు, మీటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతారు. ఫార్మాట్ అందరికీ ఖర్చే. ఖర్చు తగ్గించుకునే చోట పోటీదారులు కలవగలరు, సంపాదించే చోట కలవలేరు. అందుకే పేటెంట్ రాయల్టీలే పెద్ద ఆదాయంగా ఉన్న కంపెనీలు మొదట్లో ఈ గుంపులోకి రాలేదు. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

షరతులు ముందు, కోడ్ తర్వాత

సభ్యులు సంతకం చేసిన పేటెంట్ లైసెన్స్ సారం ఇది: ఏవీ1కు అవసరమయ్యే నా పేటెంట్లను అందరూ రాయల్టీ లేకుండా వాడుకోవచ్చు. ఎవరైనా ఏవీ1 మీద పేటెంట్ దావా వేస్తే, వాళ్లకు మాత్రం ఆ హక్కు పోతుంది. ఈ రెండో ముక్క చాలా ముఖ్యం. బయటివాడైనా సరే, తన ఉత్పత్తుల్లో ఏవీ1 వాడుకుంటూ దాని మీదే కోర్టుకెక్కితే తన కాలే తెగుతుంది. పని మొదలయ్యేనాటికే ఇది కాగితం మీద ఉంది కాబట్టి, ఇంజినీర్లు తమ మంచి ఆలోచనను టేబుల్ మీద పెట్టడానికి వెనకాడలేదు. కంపెనీల మధ్య ఉమ్మడి పనుల్లో నేను దగ్గరగా చూసింది ఏమిటంటే, ఈ కాగితం ఆలస్యమైతే అందరూ రెండో రకం ఆలోచనలే తెస్తారు. అసలైనవి ఇంట్లో దాచుకుంటారు.

పని నడిచిన తీరు ఇలా. కోడ్‌బేస్‌గా గూగుల్‌దే తీసుకున్నారు. ఎవరు కొత్త టెక్నిక్ తెచ్చినా దాన్ని 'ఎక్స్‌పెరిమెంట్'గా, ఆన్-ఆఫ్ చేసుకునేలా ఒక ఫ్లాగ్ కింద కోడ్‌లో పెట్టాలి. ఆన్ చేసినప్పుడు, ఆఫ్ చేసినప్పుడు తేడా ఎంతో అందరికీ ఒకటే అయిన క్లిప్‌ల మీద కొలవాలి. ఈ కొలతకు మోజిల్లా, జిఫ్ వాళ్లు డాలా కోసం కట్టిన ఆన్‌లైన్ టెస్ట్ సెటప్‌నే వాడారు. ఫలితం ఒక శాతంగా వస్తుంది: అదే క్వాలిటీకి ఎన్ని బిట్లు తగ్గాయి. ఒక్క టెక్నిక్‌తో ఒక శాతం తగ్గిందంటే మా ఫీల్డులో అది పండగ. ఆ తర్వాత హార్డ్‌వేర్ వాళ్లు చూస్తారు: చిప్‌లో ఇది ఎంత చోటు తింటుంది, ఎంత మెమరీ అడుగుతుంది? లాయర్లు చూస్తారు: ఇది ఎవరి పేటెంట్‌నైనా తాకుతుందా? మూడూ దాటితేనే ఫార్మాట్‌లోకి.

నా దృష్టిలో ఈ ప్రాజెక్టుకు గుండెకాయ ఇదే. ఎవరి ఐడియా గొప్పదని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఒకే క్లిప్‌ల మీద, ఒకే మెషీన్లలో వచ్చిన అంకె ఎదురుగా ఉంటే వాదన చిన్నదవుతుంది. ఓడినవాడికి కూడా తన మేనేజర్‌కు చూపించుకోవడానికి కారణం దొరుకుతుంది.

ఒక ఫిల్టర్‌ను దగ్గరగా చూస్తే

న్యూస్ ఛానల్ కింద పరిగెత్తే తెలుగు స్క్రోల్‌ను తక్కువ బిట్‌రేట్‌లో చూడండి. అక్షరాల అంచుల చుట్టూ సన్నని మసక గీతలు, చుక్కలు కదులుతుంటాయి. ఒత్తులు కిక్కిరిసిన చోట మరీ ఎక్కువ. దీన్ని రింగింగ్ అంటాం. బిట్లు మిగల్చడానికి బొమ్మలోని సూక్ష్మమైన వివరాలను పారేస్తాం కదా, పదునైన అంచు ఉన్నచోట ఆ పారేసిన లోటు అలలుగా బయటపడుతుంది. ఇంగ్లిష్ స్క్రోల్ కంటే గుండ్రటి తెలుగు అక్షరాల మీద మా టీమ్ దీనితోనే ఎక్కువ కుస్తీ పడుతుంది.

డాలాలో దీనికొక మందు ఉంది. బొమ్మను ఎనిమిదింటికి ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా తీసుకుని, ఒక్కో గడిలో అంచు ఎటు వాలి ఉందో ఎనిమిది దిశల్లో వెతుకుతుంది. ప్రధానంగా దొరికిన దిశ వెంబడే నునుపు చేస్తుంది, అంచుకు అడ్డంగా చేసేది చాలా తక్కువ. అందుకే అక్షరం మసకబారదు. థోర్‌లో ఇంకో మందు ఉంది. దిశ గోల లేదు. ప్రతి పిక్సెల్‌ను చుట్టుపక్కల వాటితో పోల్చి కొద్దిగా సరిచేస్తుంది, ఆ సవరణ ఒక హద్దు దాటకుండా కట్టేస్తుంది.

రెండూ పెడితే లాభం ఎక్కువే. కానీ చిప్‌లో ఇలాంటి ప్రతి ఫిల్టర్‌కూ పైవరసల, కిందివరసల పిక్సెళ్లను దాచుకునే మెమరీ కావాలి. ఒకదాని తర్వాత ఒకటి రెండు ఫిల్టర్లంటే ఆ మెమరీ కూడా పెరుగుతుంది. చిప్ డిజైన్ చేసేవాళ్లకు ఇది మింగుడుపడే సంగతి కాదు. మామూలు కమిటీ అయితే ఓటింగ్ పెట్టి ఒకదాన్ని తీసేసేది. ఇక్కడ సిస్కో ఇంజినీర్ స్టైనార్ మిడ్ట్‌స్కోగెన్, మోజిల్లాలో ఉన్న జీన్-మార్క్ వాలిన్ కూర్చుని రెండింటినీ ఒక్క ఫిల్టర్‌గా కలిపారు. అంచు దిశ వెంబడి ప్రధానంగా, దానికి 45 డిగ్రీల పక్కన ఇంకొంచెం తేలిగ్గా నునుపు చేస్తుంది. పక్క పిక్సెల్‌తో తేడా మరీ ఎక్కువగా ఉంటే అది నిజమైన అంచేనని గుర్తించి దాన్ని వదిలేస్తుంది. దీని పేరు సీడీఈఎఫ్. 2018లో ఇద్దరి పేర్లతో పేపర్ వచ్చింది. రెండు పోటీ కోడెక్‌ల ముక్కలు ఒకదానిలో ఒకటి కరిగిపోయిన చోటు ఇది. తెలుగు స్క్రోల్‌ను ఏవీ1లో చూసిన ప్రతిసారీ దీని విలువ నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఎంట్రపీ కోడర్ కథ ఇంకోలా నడిచింది. చివరి దశలో బిట్లను దట్టించే భాగం ఇది. వీపీ9లోది అవును-కాదు ప్రశ్నలు ఒక్కొక్కటిగా నడిపేది. డాలాది ఒకేసారి పదహారు విలువల దాకా తేల్చగలదు. గూగుల్ వైపు నుంచి ఏఎన్ఎస్ అనే కొత్త పద్ధతిని కూడా ప్రయోగించారు. దానితో ఒక ఇబ్బంది ఉంది. ఎన్‌కోడర్ డేటాను వెనక నుంచి ముందుకు రాయాలి, అంటే అంతా చేతికొచ్చేదాకా దాచిపెట్టుకోవాలి. వీడియో కాల్స్‌కు, చిప్‌లకు అది భారం. చివరికి డాలా పద్ధతే నిలిచింది. కోడ్‌బేస్ గూగుల్‌దైనా దాని సొంత ప్రయోగం పక్కకు తప్పుకుంది. అలాగని మోజిల్లాకు అన్నీ నెగ్గలేదు. డాలాకు పేరు తెచ్చిన పీవీక్యూ అనే క్వాంటైజేషన్ (విలువలను ఉజ్జాయింపు చేసి బిట్లు తగ్గించే) పద్ధతిని ఏవీ1లో పెట్టి చూశారు, చివరికి తీసుకోలేదు.

నెట్‌ఫ్లిక్స్ తెచ్చిన ఫిల్మ్ గ్రెయిన్ టూల్‌నూ చెప్పుకోవాలి. పాత ఫిల్మ్ మీద ఉండే గరుకు చుక్కలు కంప్రెషన్‌కు శత్రువులు, ఎందుకంటే ప్రతి ఫ్రేమ్‌లో కొత్తగా ఉంటాయి. కాబట్టి వాటిని ముందే తీసేసి, వాటి తీరును కొద్ది అంకెలుగా పంపి, ఫోన్లో మళ్లీ పుట్టిస్తారు. పాత తెలుగు సినిమాల ప్రింట్లతో పనిచేసేవాళ్లకు ఇది ఎంత పెద్ద వరమో చెప్పక్కర్లేదు.

కొలవనివి

2017 తొలినాళ్లకల్లా అయిపోతుందనుకున్నది 2018 మార్చి 28కి ప్రకటనకు వచ్చింది. ఆలస్యంలో ఎక్కువ భాగం హార్డ్‌వేర్, పేటెంట్ పరిశీలనలదే. నా ఉద్దేశంలో అది మంచి ఆలస్యం. కంప్రెషన్ వాగ్దానం నిలబడింది. ఫేస్‌బుక్ 2018లో బయటపెట్టిన పరీక్షల్లో వీపీ9తో పోలిస్తే సుమారు 34 శాతం, హెచ్.264 హై ప్రొఫైల్‌తో పోలిస్తే సుమారు 46 శాతం బిట్లు తగ్గాయి.

కానీ విడుదలనాటి ఎన్‌కోడర్ వాడకానికి పనికొచ్చే స్థితిలో లేదు. అంత నెమ్మది. చిన్న క్లిప్ పెట్టి వేరే పని చూసుకుని వచ్చినా పూర్తయ్యేది కాదు. ఎందుకిలా అయిందంటే, ఉమ్మడి కొలతలో బిట్లు ఎన్ని తగ్గాయన్నదానికి పెద్దపీట వేశారు. డీకోడర్ (కుదించిన వీడియోను ఫోన్లో, టీవీలో విప్పే భాగం) చిప్ మీద వేసే భారాన్ని హార్డ్‌వేర్ వాళ్లు కాపలా కాశారు. ఎన్‌కోడ్ చేయడానికి ఎంతసేపు పడుతుందన్నదానికి అంతటి కాపలాదారు లేడు. ఒక్కో టూల్ విడిగా చూస్తే కొద్దిపాటి భారమే, అన్నీ కలిశాక గుదిబండ అయింది. వేల గంటల కంటెంట్‌ను మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సిన మాలాంటివాళ్లకు సర్వర్ బిల్లే మొదటి ప్రశ్న.

దీన్ని సరిదిద్దింది కూడా సహకారమే, చిన్న గుంపుల్లో. 2018లో అలయన్స్ డబ్బు పెట్టింది, వీఎల్‌సీ ప్లేయర్ తయారుచేసే వీడియోల్యాన్ కమ్యూనిటీ డేవిడ్ అనే డీకోడర్ రాసింది. అందులో సీ భాషలో రాసిన కోడ్ కంటే, ప్రాసెసర్ సొంత ఆదేశాలతో చేత్తో రాసిన అసెంబ్లీ కోడే ఎక్కువ. ఆ ఓపిక వల్లే ప్రత్యేక చిప్ లేని ఫోన్లలో కూడా ఏవీ1 ఆడింది. 2019లో ఇంటెల్, నెట్‌ఫ్లిక్స్ కలిసి ఎస్‌వీటీ-ఏవీ1 ఎన్‌కోడర్‌ను ఓపెన్ చేశాయి. ఎక్కువ కోర్లున్న సర్వర్లను దృష్టిలో పెట్టుకుని రాసినది అది. మరుసటి ఏడాది అది అలయన్స్ గొడుగు కిందికి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ ఆండ్రాయిడ్ యాప్‌లో, 2021 నవంబరులో టీవీల్లో ఏవీ1 మొదలుపెట్టింది. ఎస్‌వీటీ చేతికొచ్చాకే మా టీమ్‌లో కూడా లెక్క కుదిరింది, అదీ జనం ఎక్కువ చూసే టైటిళ్లకే. ఎన్‌కోడ్ ఖర్చు ఒక్కసారి పెడతాం, డేటా ఆదా చూసిన ప్రతిసారీ వస్తుంది. పదిమంది చూసే డాక్యుమెంటరీకి ఆ లెక్క ఎప్పటికీ తిరగబడే ఉంటుంది.

చిప్‌ల సంగతి. ఫోన్లలో మీడియాటెక్ 2019 చివర్లో డైమెన్సిటీ 1000తో ముందుగా దిగింది. క్వాల్‌కామ్ ఫ్లాగ్‌షిప్‌లో 2022 చివర్లో స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2తో గానీ రాలేదు. యాపిల్ 2023లో ఐఫోన్ 15 ప్రోలో పెట్టింది. అప్పటిదాకా చౌక ఫోన్లలో ఏవీ1 అంటే సాఫ్ట్‌వేర్ డీకోడింగే, దానివల్ల ఫోన్ వేడెక్కడం, బ్యాటరీ పడిపోవడం. మన దగ్గర ప్రేక్షకుల్లో ఎక్కువమంది అలాంటి ఫోన్లలోనే చూస్తారు కాబట్టి, ఫోన్ మోడల్‌ను బట్టి ఎవరికి ఏ ఫార్మాట్ పంపాలనే పట్టికను మేం ఎప్పటికప్పుడు సరిచేసుకోవాల్సి వస్తుంది.

బయట ఉండిపోయినవాళ్లు

ఫార్మాట్ కట్టినవాళ్లంతా పేటెంట్లు ఉచితమన్నారు. బయటివాళ్లు ఆ మాట అనలేదు. 2019 మార్చిలో సిస్వెల్ అనే సంస్థ ఏవీ1కు పేటెంట్ పూల్ ప్రకటించి, తెర ఉన్న ఒక్కో డివైస్‌కు 0.32 యూరోల రేటు పెట్టింది. తమ ఫార్మాట్ రాయల్టీ లేనిదేనని అలయన్స్ గట్టిగా చెప్పింది. చిన్న సభ్యులపై దావాలు పడితే ఆదుకోవడానికి నిధి ఉందని కూడా చెప్పింది. వేరే పూల్‌లు ఆ తర్వాత కూడా వచ్చాయి. 'ఉచితం' అనే మాటను మా లీగల్ టీమ్ ఇప్పటికీ ఆచితూచి వాడుతుంది.

రెండో ప్రశ్న నియంత్రణ సంస్థల నుంచి వచ్చింది, అది ఇంకా లోతైనది. ఇంత పెద్ద కంపెనీలు కలిసి 'మాతో పనిచేయాలంటే నీ పేటెంట్ ఉచితంగా ఇవ్వు' అంటే, ఆ పేటెంట్ మీదే బతికే చిన్న పరిశోధకుడి గతేమిటి? యూరోపియన్ కమిషన్ ఈ లైసెన్స్ విధానాన్ని పరిశీలిస్తోందని 2022 జులైలో బయటపడింది. 2023 మేలో ఆ ఫైల్ మూసేశారు. తప్పు ఉందనీ లేదనీ తేల్చకుండా, తమ ప్రాధాన్యాల రీత్యా మూసేశారు. నేను ఏవీ1 పక్షమే అయినా ఆ ప్రశ్న న్యాయమైనదే అనుకుంటాను. ఖర్చు తగ్గించుకోవడానికి కలిసిన కొనుగోలుదారులకూ, ధర పడగొట్టడానికి కలిసిన కొనుగోలుదారులకూ మధ్య గీత ఎక్కడుందో ఆ ఫైల్‌తో తేలలేదు.

తర్వాతి ఫార్మాట్ ఏవీ2 పనికి కూడా ఇదే పద్ధతి పట్టారు. దాని విషయంలో మా టీమ్ మొదట చూసేది ఎన్‌కోడ్ ఖర్చు, తర్వాత చౌక ఫోన్లలో డీకోడర్ భారం. ఎన్ని శాతం బిట్లు తగ్గాయన్నది ఆ తర్వాతే. ఈలోగా మా సర్వర్లలో ఎక్కువమంది చూసే ప్రతి సినిమా మూడు కాపీలుగా ఉంటోంది: హెచ్.264, వీపీ9, ఏవీ1. పాత ఫోన్లు, పాత టీవీ బాక్సులు వాడకంలో ఉన్నంతకాలం మొదటి కాపీని తీసేసే వీల్లేదు.